సొంత కంపెనీ కాగితాలతో వంతెన ఎక్కినప్పుడు

"ఈ కంపెనీ ఎవరిది?" అనడిగాడు అమెరికా సరిహద్దు అధికారి, నా కాంట్రాక్టులో ఒక పేరు మీద వేలు పెట్టి.

"నాదే" అన్నాను. కొంచెం గర్వంగానే అని ఉంటాను.

ఆ ఒక్క మాటతో ఆ రోజు పని ముగిసింది. గంటన్నర తర్వాత చేతిలో ఒక కాగితం పట్టుకుని, కారు తిప్పుకుని, వచ్చిన వంతెన మీదుగానే కెనడాలోకి వచ్చేశాను. ఇటువైపు బూత్‌లో కూర్చున్న అమ్మాయి అలవాటు ప్రకారం అడిగింది: "అమెరికాలో ఎంతకాలం ఉన్నారు?" గంటన్నర అన్నాను. "ఏం కొన్నారు?" ఏమీ కొనలేదు, నన్నే తిప్పి పంపారు అన్నాను. ఆ కాగితం చూసి నవ్వాపుకుని వెళ్ళమంది.

మేం మిస్సిసాగాలో ఉంటాం. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో నాలుగేళ్ళు పనిచేసి, ఇక్కడికి వచ్చినవాణ్ణి. కొన్నాళ్ళు ఉద్యోగం చేశాక, ఇక్కడి మనవాళ్ళు చాలామంది చేసినట్టే ఒంటారియోలో ఒక కార్పొరేషన్ పెట్టుకున్నాను. కార్పొరేషన్ అంటే మాట పెద్దది, సంగతి చిన్నది. డైరెక్టర్ని నేనే, ఉద్యోగినీ నేనే. బేస్‌మెంట్‌లో ఒక బల్ల, రెండు మానిటర్లు. క్లయింటుకి ఇన్వాయిస్ పంపుతాను, డబ్బు కంపెనీ ఖాతాలో పడుతుంది, అందులోంచి నాకు నేనే జీతం ఇచ్చుకుంటాను. ఊళ్ళో మా నాన్నగారు మాత్రం "మావాడు కెనడాలో కంపెనీ పెట్టాడు" అని అందరికీ చెప్పుకుంటారు. నేనెప్పుడూ సరిదిద్దలేదు.

2023 చివర్లో ఒహాయోలో గోదాములు నడిపే ఒక కంపెనీ పని వచ్చింది. వాళ్ళ పాత స్టాకు సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టాలి. పాత పద్ధతిలో ఏ సరుకు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో ముందు అర్థం చేసుకుని, కొత్తది ఎలా ఉండాలో రాసివ్వడం నా వంతు. మొదటి నాలుగు నెలలూ బేస్‌మెంట్ నుంచే చేశాను. దానికి అమెరికా వీసా ఏదీ అక్కర్లేదు. మా వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు కాబట్టి ముందే చెప్తున్నాను. క్లయింటు ఏ దేశంలో ఉన్నాడన్నది కాదు, పని చేసేటప్పుడు మనం ఏ నేల మీద ఉన్నామన్నది లెక్క. కెనడాలో కూర్చుని అమెరికా క్లయింటుకి పనిచేస్తే అది కెనడాలో చేసిన పనే.

మధ్యలో ఒకసారి రెండు రోజులు వెళ్ళొచ్చాను, మీటింగులకి. దానికి బీ-1, అంటే వ్యాపార సందర్శకుడి హోదా, సరిపోతుంది. కెనడా పౌరులకి దానికి వీసా ముద్ర కూడా అక్కర్లేదు. బూత్ దగ్గర నిజం చెప్తే చాలు. మాట్లాడుకోవచ్చు, బేరమాడుకోవచ్చు, అవసరాలు రాసుకోవచ్చు. చెయ్యి పెట్టి పని చెయ్యకూడదు. చిక్కు ఇక్కడే మొదలైంది. నెలకో వారం గోదాములోనే ఉండి, స్కానర్లు పట్టుకుని తిరిగేవాళ్ళ పక్కన నిలబడి, కొత్త పద్ధతిని అక్కడికక్కడే సరిచెయ్యాలన్నారు క్లయింటు మేనేజరు. అది మీటింగు కాదు, పని. పనికి టీఎన్ కావాలి.

టీఎన్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అమెరికాలో కొంతకాలం వృత్తి పని చెయ్యనిచ్చే హోదా ఇది. అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య 1994 జనవరి 1న అమల్లోకి వచ్చిన నాఫ్టా వాణిజ్య ఒప్పందంతో పుట్టింది. 2020 జూలై 1 నుంచి ఒప్పందం పేరు మారింది. అమెరికావాళ్ళు యూఎస్‌ఎంసీఏ అంటారు, ఇక్కడ కుస్మా అంటారు. టీఎన్ మాత్రం అలాగే ఉంది. అరవై పైచిలుకు వృత్తుల జాబితా ఒకటుంది, మన పని అందులో ఉండాలి, దానికి రాసిన చదువు మనకి ఉండాలి. హెచ్-1బీలా లాటరీ లేదు, ఏడాదికి ఇన్నే అన్న లెక్క లేదు. ఒకసారికి మూడేళ్ళ దాకా ఇస్తారు, పొడిగించుకోవచ్చు. కెనడా పౌరులైతే కాన్సులేటు మొహం చూడక్కర్లేదు. కాగితాలు పట్టుకుని సరిహద్దు దగ్గరికో, టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో అమెరికావాళ్ళ ముందస్తు తనిఖీ దగ్గరికో వెళ్తే అక్కడే అప్పటికప్పుడు తేల్చేస్తారు.

పౌరులైతేనే అన్నాను, గమనించండి. పీఆర్, అంటే శాశ్వత నివాసం, ఉంటే చాలదు. హెచ్-1బీతో విసిగిపోయి ఇటు వచ్చినవాళ్ళలో కొందరు పీఆర్ కార్డు రాగానే టీఎన్ వచ్చేస్తుందనుకుంటారు. రాదు. ఐదేళ్ళలో 1,095 రోజులు ఇక్కడ ఉండి, పరీక్ష రాసి, ప్రమాణం చెయ్యాలి. నేను 2021లో చేశాను, కరోనా రోజులు కావడంతో జూమ్‌లో. ప్రమాణానికి ముందు మన పీఆర్ కార్డుని కెమెరా ముందు కత్తెరతో కత్తిరించి చూపించమంటారు. చూపించాను. భారత పాస్‌పోర్టు తిరిగిచ్చేసి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుకి పెట్టుకున్న రోజున మా అమ్మ ఫోన్‌లో "అయితే ఇంక నువ్వు మనవాడివి కావా?" అంది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. ఇక్కడ ఆ కథ వద్దు.

ఇక నా తెలివితక్కువ పని. క్లయింటు అకౌంట్స్ విభాగంలో ఒకావిడ, బయటి దేశపు కంపెనీకి డబ్బు పంపాలంటే తమ సిస్టమ్‌లో నమోదుకి వారాలు పడుతుందనీ, అమెరికాలోనే కంపెనీ ఉంటే రెండు రోజుల్లో అయిపోతుందనీ మెయిల్ పెట్టింది. ఆవిడ తప్పేం లేదు, ఆవిడ పని సులువు కావడం కోసం అడిగింది. నేను మాత్రం ఒక శనివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఒక ఎల్‌ఎల్‌సీ, అంటే అక్కడి ఒక రకం కంపెనీ, పెట్టేశాను. వయోమింగ్ ఎక్కడుందో మ్యాప్‌లో వెతికి చూసింది ఆ తర్వాతే. దానికి యజమానిని నేనొక్కణ్ణే. కాంట్రాక్టుని క్లయింటుకీ ఆ ఎల్‌ఎల్‌సీకీ మధ్య తిరగరాయించుకున్నాం. అమెరికా కంపెనీ, అమెరికా బ్యాంకు ఖాతా, అమెరికా క్లయింటు. ఇంతకంటే పకడ్బందీగా ఏముంటుంది అనుకున్నాను.

సరిహద్దు దగ్గర సరిగ్గా అదే మెడకి చుట్టుకుంది.

ఏ వంతెనో చెప్పను. బూత్‌లో టీఎన్ అనగానే ఒక చీటీ ఇచ్చి, కారు పక్కన పెట్టి లోపలికి వెళ్ళమన్నారు. పొడుగాటి గది, నేలకి బిగించిన కుర్చీలు, ఫోన్లు వాడొద్దని గోడ మీద కాగితం. నా ముందు ఒక ట్రక్కు డ్రైవరు, ఒక నర్సు. ఆ అమ్మాయిది ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నన్ను పిలిచిన అధికారి నలభై ఏళ్ళ మనిషి, మర్యాదగానే ఉన్నాడు. డిగ్రీ చూశాడు, క్లయింటు ఇచ్చిన ఉత్తరం చూశాడు, కాంట్రాక్టు దగ్గర ఆగాడు. ఈ ఎల్‌ఎల్‌సీ ఎవరిది అన్నాడు. నాదే అన్నాను. ఇంకెవరికైనా వాటా ఉందా? లేదు. డబ్బు దీనికే వస్తుందా? వస్తుంది. అందులోంచి మీరు తీసుకుంటారా? తీసుకుంటాను.

"అంటే మీరు అమెరికాలో మీ సొంత కంపెనీకి పనిచెయ్యడానికి వస్తున్నారు."

కాదండీ, ఒహాయో క్లయింటుకి అన్నాను. కాగితం ఆ మాట చెప్పడం లేదు అన్నాడు. నిజమే, చెప్పడం లేదు. టీఎన్ నిబంధనల్లో ఈ సంగతి దాపరికం లేకుండా రాసి ఉంది. అమెరికాలో సొంత వ్యాపారం పెట్టుకుని అందులో తనకు తానే పనిచేసుకోవడానికి ఈ హోదా ఇవ్వరు. ఏ సంస్థకైతే సేవలందిస్తున్నామో దానికి మనమే ఏకైక యజమానులమో, పెత్తనం చేసేంత వాటాదారులమో అయితే, పేరు ఏదైనా సరే, దాన్ని స్వయం ఉపాధి కిందే లెక్కగడతారు. నేను ఎల్‌ఎల్‌సీ పెట్టి నా దరఖాస్తుని నా చేతులతోనే కొట్టేసుకున్నాను.

వేలిముద్రలు, ఫొటో, ప్రశ్నలూ జవాబులూ టైపు చేసిన రెండు పేజీల మీద సంతకం. చివరికి, దరఖాస్తుని మీరే వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టండి అన్నాడు. ఐ-275 అంటారు ఆ ఫారాన్ని. అలా వెనక్కి తీసుకుంటే నిషేధం ఏదీ పడదు, కాగితాలు సరిచేసుకుని మళ్ళీ రావచ్చు అని ఆయనే చెప్పాడు. ఆ క్షణంలో నాకు అవమానమే తప్ప అదేమీ తలకెక్కలేదు. తీరిగ్గా ఆలోచిస్తే మాత్రం ఆయన నాకు మేలే చేశాడు. అదే ఎల్‌ఎల్‌సీతో లోపలికి వెళ్ళి ఏడాది పనిచేశాక బయటపడి ఉంటే కథ వేరేగా ఉండేది.

ఇంటికొచ్చాక గ్రూపులో సలహాల వాన. పీస్ బ్రిడ్జి దగ్గర మంచివాళ్ళుంటారు అని ఒకరు, రెయిన్‌బో బ్రిడ్జికి మధ్యాహ్నం పూట వెళ్ళమని ఇంకొకరు, పియర్సన్‌లో అయితే రోజూ ఇవే చూస్తారు కాబట్టి సులువని మరొకరు. "అన్నా, ఇంకో వంతెనకి వెళ్ళి ఆ ఎల్‌ఎల్‌సీ ఊసెత్తకు" అని ఒక తమ్ముడు ప్రైవేటుగా మెసేజ్ పెట్టాడు. వంతెన మారినా కంప్యూటర్ ఒకటే తమ్ముడూ అని జవాబిచ్చాను. వెనక్కి పంపిన రికార్డు ప్రతి బూత్‌లోనూ కనిపిస్తుంది. అధికారి మంచితనం మీద ఆధారపడే కాగితం మంచి కాగితం కాదు.

ఈసారి ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా కాంట్రాక్టు చదవకముందే, క్లయింటు మిమ్మల్ని ఉద్యోగిగా పేరోల్‌లో పెట్టుకుంటారా అనడిగారు. అదే అన్నిటికన్నా తేలిక దారట. క్లయింటు ససేమిరా అన్నారు, వాళ్ళకి ఆరేడు నెలల పని. అయితే రెండో దారి అన్నారావిడ. కెనడాలో ఉన్న మీ కంపెనీ కెనడాలోనే ఉంటుంది, అది ఒహాయో కంపెనీతో ఒప్పందం చేసుకుంటుంది, ఆ ఒప్పందం ప్రకారం మీరు వెళ్ళి వాళ్ళకి సేవలందించి తిరిగి వస్తారు. ముందే కుదిరిన ఒప్పందం, అవతలి పక్క మీది కాని అమెరికా సంస్థ, ఈ రెండూ ఉంటే మీకు సొంత కార్పొరేషన్ ఉండటం అడ్డం కాదు.

"మీరు ఎవరన్నది కాదు, మీ వ్యాపారం ఎక్కడుందన్నది ప్రశ్న" అన్నారు.

నాకు అప్పటికి సగమే అర్థమైంది. మిగతా సగం మా అకౌంటెంటు దగ్గర అర్థమైంది. ఆయన అదే వారం నన్ను ఇంకో దిక్కు నుంచి భయపెట్టాడు. కెనడా పన్ను శాఖ, సీఆర్‌ఏ, నాలాంటి ఏకవ్యక్తి కార్పొరేషన్లని అనుమానంగా చూస్తుంది. ఒక్కడే క్లయింటు, వాళ్ళ చోటే పని, వాళ్ళ పరికరాలే, వాళ్ళు చెప్పిన వేళలే అయితే, మధ్యలో కంపెనీ పేరు నామమాత్రమేననీ నువ్వు నిజానికి వాళ్ళ ఉద్యోగివేననీ తేలుస్తుంది. దాన్ని పర్సనల్ సర్వీసెస్ బిజినెస్ అంటారు. చిన్న వ్యాపారంగా ఒంటారియోలో 2024లో 12.2 శాతం కట్టే పన్ను, అలా తేలిస్తే 44.5 శాతానికి వెళ్ళేది. ఖర్చులు చాలావరకు చూపించుకోనివ్వరు కూడా.

చూడండి తమాషా. వంతెన అవతలివాడికి నేను అక్కడ సొంత వ్యాపారిని కాను అని చూపించాలి. వంతెన ఇవతలివాడికి నేను నిజంగా వ్యాపారినే, ఎవరి ఉద్యోగినీ కాను అని చూపించాలి. ఒకే కాంట్రాక్టు ఇద్దరికీ. మొదట్లో ఇది అత్తకీ కోడలికీ మధ్య నలిగే మగాడి అవస్థలా అనిపించింది. ఇద్దరికీ చెరో అబద్ధం చెప్పక తప్పదేమో అనుకున్నాను. చెప్పక్కర్లేదు. లాయరు అన్న "ఎక్కడ" అన్న మాట పట్టుకుంటే రెండూ నిజాలే. నా వ్యాపారం మిస్సిసాగాలో ఉంది, పూర్తిగా వ్యాపారమే. ఒహాయోలో నాకు వ్యాపారం లేదు, అక్కడ ఒక క్లయింటు ఉన్నాడు, అంతే.

కాంట్రాక్టు మళ్ళీ రాశాం. ఈసారి ఒంటారియో కార్పొరేషన్‌కీ ఒహాయో కంపెనీకీ మధ్య. పని వేళలు నావి, ల్యాప్‌టాప్ నాది, తప్పొస్తే నా ఖర్చుతో నేనే సరిచేస్తాను, వేరే క్లయింట్లకి పనిచేసే హక్కు నాకుంది. ఇవన్నీ అకౌంటెంటు పెట్టించిన షరతులు. నిజంగానే టొరంటోలో ఇంకో చిన్న పని కూడా ఒప్పుకున్నాను. అకౌంట్స్ ఆవిడ బయటి దేశపు కంపెనీగా నా నమోదు పూర్తి చేసేసరికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలు నేను మొదటే ఓపిక పట్టి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

ఇక ఉత్తరం. టీఎన్‌కి ప్రాణం ఉత్తరంలో ఉంటుంది. అమెరికా యజమాని ఇవ్వచ్చు, పంపే కెనడా యజమాని కూడా ఇవ్వచ్చు. నా విషయంలో కెనడా యజమానిని నేనే కదా, నా గురించి నేనే సంతకం పెట్టుకున్న ఉత్తరానికి ఏం బలం ఉంటుంది. క్లయింటు లెటర్‌హెడ్ మీదే రాయించాం. అందులో ఉండాల్సినవి లెక్కే: ఏ వృత్తి కింద వస్తున్నాను, అక్కడ రోజువారీ ఏం చేస్తాను, ఎంతకాలం, దానికి నా చదువు ఏంటి, డబ్బు ఎవరు ఎవరికి ఎలా ఇస్తారు. ఆఖరి అంశం దగ్గర లాయరు ఒక పావుగంట గడిపారు. "గంటకి ఇంత చొప్పున ఇన్వాయిస్ మీద ఒంటారియోలోని ఫలానా కార్పొరేషన్‌కి చెల్లిస్తాం, ఆ కార్పొరేషన్‌కి ఈయన యజమాని, ఉద్యోగి" అని విప్పి రాయించారు. యజమాని అన్న మాట దాచొద్దా అనడిగాను భయంగా. దాచారంటే అదే మొదట అడుగుతారు అన్నారు.

వృత్తి పేరు దగ్గర ఇంకో గోతి ఉంది. జాబితాలో "ప్రోగ్రామర్" లేడు. "సాఫ్ట్‌వేర్ డెవలపర్" లేడు. ఉన్నది "కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్ట్". దానికి డిగ్రీ అయినా ఉండాలి, లేదా డిప్లొమాతో పాటు మూడేళ్ళ అనుభవం అయినా ఉండాలి. నా మొదటి ఉత్తరంలో క్లయింటువాళ్ళు ఉత్సాహంగా "సీనియర్ డెవలపర్" అని రాశారు. ఎల్‌ఎల్‌సీ గొడవలో ఆ అధికారి దాని దాకా రాలేదు కానీ వచ్చి ఉంటే అక్కడా ఆగేవాణ్ణి. రెండో ఉత్తరంలో పేరు మార్చడమే కాదు, పనులు కూడా ఉన్నవి ఉన్నట్టు రాశాం: సరుకు రాకపోకల అధ్యయనం, అవసరాల పత్రం, కొత్త సిస్టమ్ రూపకల్పన, పరీక్షలు. పేరు ఒకటి, చేసేది ఒకటి అయితే గది లోపల రెండు ప్రశ్నలకే బయటపడుతుంది.

డిగ్రీది మన తెలుగువాళ్ళకి ప్రత్యేకమైన కష్టం. నా బీటెక్ పట్టా మీద ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. పాస్‌పోర్టులో తిరగబడింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం. టొరంటోలో, విదేశీ చదువులకి విలువ కట్టే డబ్ల్యూఈఎస్ వాళ్ళ చేత డిగ్రీ మదింపు చేయించినప్పుడు ఆ కాగితం మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు వచ్చేలా చూసుకున్నాను. పైగా రెండు పేర్లూ ఒక మనిషివేనని నోటరీ ముందు ఒక అఫిడవిట్. బీటెక్ నాలుగేళ్ళది కాబట్టి మదింపులో ఇబ్బంది రాలేదు. మూడేళ్ళ బీఎస్సీ, బీకాం వాళ్ళు ఈ పని ముందే చేయించుకుని, ఏం రాసిచ్చారో చూసుకోవడం మంచిది.

రెండోసారి అదే వంతెనకి వెళ్ళాను, మంగళవారం పొద్దున. వేరే అధికారి, ఒకావిడ. కంప్యూటర్ చూసి, "మొన్న వచ్చారు" అంది. వచ్చానండీ, కాంట్రాక్టు తప్పుగా రాసుకున్నాను, అమెరికాలో పెట్టిన కంపెనీ మూసేశాను, ఇదిగో మూసినట్టు కాగితం అని అడక్కముందే ముందు పెట్టాను. ఆవిడ ఉత్తరం రెండుసార్లు చదివింది.

"మీకు జీతం ఎవరిస్తారు?"

"కెనడాలో నా కంపెనీ. దానికి ఈ క్లయింటు చెల్లిస్తాడు."

"ఇక్కడ మీకు ఆఫీసుందా? మీ కింద ఎవరైనా పనిచేస్తున్నారా?"

"లేదు. వారం ఉండి ఇంటికెళ్ళిపోతాను."

"ఇల్లెక్కడ?"

మిస్సిసాగా ఇంటి పన్ను కాగితం, పిల్లాడి బడి ఉత్తరం ఇచ్చాను. టీఎన్‌లో ఇదొకటి ఉంది. అక్కడే స్థిరపడే ఉద్దేశం ఉండకూడదు. హెచ్-1బీ మీద గ్రీన్‌కార్డుకి పెట్టుకున్నట్టు దీని మీద ధీమాగా పెట్టుకోవడం కుదరదు. కోడ్ రాస్తారా అనడిగింది. అప్పుడప్పుడు పరీక్ష కోసం నాలుగు లైన్లు రాస్తాను, పని అది కాదు అన్నాను. డిగ్రీ మీద పేరు గురించి అడిగింది. మా వైపు ఇంటిపేరు ముందు రాస్తాం అని అఫిడవిట్ చూపించాను. ఆవిడ నా పేరు రెండు వైపుల నుంచీ చదవడానికి ప్రయత్నించి, రెండు వైపులా ఓడిపోయి, నవ్వి, ముద్ర వేసింది. నలభై నిమిషాలు. దరఖాస్తుకి 50 డాలర్లు, ప్రవేశ రికార్డైన ఐ-94కి 6. ఐ-94 రుసుము 2025 సెప్టెంబరు 30 నుంచి 30 డాలర్లయింది.

కారులో కూర్చున్నాకే పాస్‌పోర్టు విప్పి చూసుకున్నాను. మూడేళ్ళు అడిగాను, తేదీ 2026లోనే ఉంది. రెండేళ్ళు కూడా పూర్తిగా లేదు. గుండె జారింది. మళ్ళీ లోపలికి వెళ్ళి అడిగితే, పాస్‌పోర్టు ఎప్పుడు అయిపోతుందో చూడమంది. 2021లో పాస్‌పోర్టుకి పెట్టినప్పుడు 40 డాలర్లు మిగులుతాయని పదేళ్ళది కాకుండా ఐదేళ్ళది తీసుకున్నాను. హోదా ఆ గడువు దగ్గరే ఆగిపోయింది. ఆ నలభై డాలర్ల పొదుపు గురించి మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందు చెప్తుంది.

హోదా వచ్చాక పని అయిపోయిందనుకుంటారు. నాకైతే అసలు లెక్కలు అప్పుడే మొదలయ్యాయి. ఎక్సెల్‌లో ఒక షీటు పెట్టాను, అందులో ప్రతి రోజూ ఏ దేశంలో నిద్రపోయానో రాస్తాను. ఒంటారియో ఆరోగ్య బీమా నిలవాలంటే ఏ పన్నెండు నెలల్లోనైనా 153 రోజులు ఒంటారియోలో ఉండాలి. రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం అమెరికాలో 183 రోజులు నిండితే నా కంపెనీకి అక్కడ శాశ్వత వ్యాపార స్థానం ఉన్నట్టు లెక్కగట్టే ప్రమాదం ఉంది. నా జీతం మీద అమెరికా పన్ను రాకుండా ఉండటానికీ ఆ 183 గీతే. మనల్ని అక్కడి నివాసిగా చూడాలా అని తేల్చడానికి అమెరికా పన్నువాళ్ళకి ఇంకో లెక్కుంది, ఈ ఏడాది రోజులు మొత్తం, నిరుడివి మూడో వంతు, అంతకుముందు ఏడాదివి ఆరో వంతు కలుపుతారు. నెలకో వారం కాబట్టి నేను అన్నిటికీ ఇవతలే ఉన్నాను. అయినా షీటు రాస్తూనే ఉన్నాను.

పన్ను రాకపోయినా కాగితాలు తప్పవు. అమెరికా నేల మీద చేసిన పనికి క్లయింటు పన్ను కింద 30 శాతం పట్టుకోకుండా ఉండాలంటే డబ్ల్యూ-8బెన్-ఈ ఫారం ఇచ్చి, అందులో ఒప్పందం ప్రకారం మినహాయింపు అడగాలి. ఏడాది చివర కట్టాల్సిన పన్ను సున్నా అయినా 1120-ఎఫ్ రిటర్ను వెయ్యాలి. అమెరికా సోషల్ సెక్యూరిటీ కోత పడకుండా సీఆర్‌ఏకి సీపీటీ56 దరఖాస్తు పెట్టి, ఇక్కడి పెన్షన్ పథకం సీపీపీకి కడుతున్నట్టు ధ్రువపత్రం తెచ్చుకోవాలి. కొన్ని రాష్ట్రాలు ఈ పన్ను ఒప్పందాన్ని పట్టించుకోవు, కాబట్టి రాష్ట్రం సంగతి వేరేగా చూసుకోవాలి. ఇదంతా మా అకౌంటెంటు చేశాడు, నేను సంతకాలు పెట్టాను. కుటుంబాన్ని తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. భార్యో భర్తో ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఉంటే, మీకు వంతెన మీద టీఎన్ దొరికినట్టు వాళ్ళకి టీడీ, అంటే టీఎన్ వాళ్ళ కుటుంబానికిచ్చే హోదా, దొరకదు, కాన్సులేటులో వీసా ముద్ర వేయించుకోవాలి. టీడీ మీద ఉద్యోగం చెయ్యకూడదు.

ఆ వయోమింగ్ ఎల్‌ఎల్‌సీ చచ్చినా పీడించింది. నాలుగు నెలలు బతికింది, ఒక్క ఇన్వాయిస్ కూడా పంపలేదు. కానీ నేను దాని ఖాతాలో రెండు వందల డాలర్లు వేసి, మూసేటప్పుడు తీసుకున్నాను. బయటి దేశపువాడు ఒక్కడే యజమానిగా ఉన్న ఎల్‌ఎల్‌సీకి యజమానితో అలాంటి లావాదేవీ జరిగితే 5472 అనే ఫారం వెయ్యాలి. వెయ్యకపోతే జరిమానా 25,000 డాలర్ల నుంచి మొదలు. అకౌంటెంటు ఈ అంకె చెప్పినప్పుడు నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను. గడువులోపలే వేశాం. ఆ రెండు వందల డాలర్ల కథకి ఆయన ఫీజు అంతకంటే ఎక్కువే అయింది.

ఆరేడు నెలలన్న పని రెండో ఏడు దాటింది. పోయిన వారం కొత్త పాస్‌పోర్టు వచ్చింది, ఈసారి పదేళ్ళది. మళ్ళీ ఆ గదికి వెళ్ళాలని బీరువాలోంచి ఫోల్డరు తీసి ఉత్తరం చదువుకున్నాను. అందులో "నెలకు ఒక వారం" అని ఉంది. జనవరి నుంచి రెండు వారాలు వెళ్తున్నాను. షీటులో రోజులు కలిపి చూసుకుని, క్లయింటు మేనేజరుకి మెయిల్ పెట్టాను, ఉత్తరం మళ్ళీ రాసివ్వమని.